లాజిక్ రావట్లేదు సార్!

ఇంజనీరింగ్ మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో రెండు దృశ్యాలు తప్పకుండా కనిపిస్తాయి. ప్రశ్న బోర్డు మీద పడీ పడకముందే కీబోర్డుల చప్పుడు మొదలవుతుంది. హెడర్ ఫైలు, మెయిన్, బ్రాకెట్లు చకచకా పడిపోతాయి. అక్కడితో చప్పుడు ఆగిపోతుంది. ఇరవై నిమిషాలకు ఎవరో చేయెత్తుతారు: "సింటాక్స్ వచ్చు సార్, లాజిక్ రావట్లేదు." రెండో దృశ్యం రికార్డు రాసేటప్పటిది. ఎయిమ్, అల్గారిథమ్, ఫ్లోచార్టు, ప్రోగ్రామ్, అవుట్‌పుట్ అని పేజీలో ఒక వరుస ఉంటుంది. రాసే వరుస వేరు. ముందు ఎలాగో అవుట్‌పుట్ వచ్చిన ప్రోగ్రామ్‌ను ఎక్కిస్తారు. అది తనదైనా కావచ్చు, పక్కవాడిదైనా కావచ్చు. దాన్ని చూసి ఫ్లోచార్టు గీస్తారు. అల్గారిథమ్ అన్నిటికన్నా చివర పూర్తవుతుంది. పేజీలో ముందు నిలబడ్డ ఆలోచన, పనిలో అన్నిటికన్నా వెనక వస్తోంది.

దీనికి సిలబస్‌ను తప్పుపట్టలేం. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నమూనా పాఠ్యప్రణాళికలో ఆ కోర్సు పేరే ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’. అల్గారిథమ్, ఫ్లోచార్టు, సూడోకోడ్ మొదట్లోనే వస్తాయి. చెప్పాల్సింది చెబుతూనే ఉన్నాం, అయినా చేతులు కీబోర్డు మీదికే పోతున్నాయి. కోడ్‌కు ముందు ఆలోచించడం అసలు నేర్పగలిగేదేనా? నేర్పగలిగితే ఏ పద్ధతికి ఎంత బలం ఉంది? ఈ ప్రశ్న మీద నలభై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. దాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ‘ముందు ప్లాన్ చేయి’ అన్న ఆజ్ఞకు పెద్దగా ఫలం లేదు. ప్లాన్ కట్టడానికి కావలసిన సరుకునూ, కట్టిన ప్లాన్‌ను కోడ్ రాయకముందే పరీక్షించుకునే దారినీ ఇచ్చినచోటే మార్పు కనిపిస్తోంది.

నోవహుకు వాన లెక్క

1980ల మొదట్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే బృందం విద్యార్థులకు చిన్న లెక్క ఇచ్చింది. వరుసగా సంఖ్యలు తీసుకోవాలి, 99999 వస్తే ఆపాలి, వచ్చినవాటి సగటు చెప్పాలి. చివరి 99999 సగటులో కలవకూడదు. 1983లో అచ్చైన ఆ అధ్యయనంలో, పాస్కల్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లలో సరిగా రాసినవాళ్లు 14 శాతం. ఇదే లెక్కకు తర్వాత నోవహు కథ తొడిగారు. ఓడ ఎప్పుడు నీళ్లలోకి దించాలో తెలియాలంటే యేల్ ఉన్న న్యూ హేవెన్ ఊళ్లో రోజూ ఎంత వాన పడుతోందో లెక్క కావాలి. వాన సున్నాకన్నా తక్కువ పడదు కనుక మైనస్ సంఖ్య వస్తే తోసేయాలి. సగటు వాన, వాన పడిన రోజులు, ఒక్కరోజులో పడిన గరిష్ఠ వాన చెప్పాలి. ‘రెయిన్‌ఫాల్ ప్రాబ్లమ్’గా పేరుపడ్డ ఈ లెక్కను కంప్యూటర్ విద్యా పరిశోధకులు ఇప్పటికీ వదలలేదు.

ఒక్కసారి చేతితో చేసి చూద్దాం. 12, 0, -3, 30, 99999. పనికొచ్చేవి మూడు, మొత్తం 42, సగటు 14, వాన పడిన రోజులు రెండు. హైస్కూలు పిల్లలు కూడా కాగితం మీద చేసేస్తారు. ప్రోగ్రామ్ రాసేటప్పుడు మాత్రం ఇందులో అరడజను పనులు దాగి ఉన్నాయని తెలుస్తుంది: ఆపే గుర్తు వచ్చేదాకా చదవడం, చెడ్డ సంఖ్యను వదిలేయడం, కూడటం, లెక్కపెట్టడం, పెద్దదాన్ని గుర్తుంచుకోవడం, చివర భాగించడం. పనికొచ్చే సంఖ్య ఒక్కటీ రాకపోతే సున్నాతో భాగించకుండా చూసుకోవడం ఇంకొకటి. విడివిడిగా ఏదీ కష్టం కాదు. కూడిక లూప్‌లో ఎక్కడ ఉండాలి, వదిలేసే షరతు దానికి ముందా వెనకా, భాగహారం లూప్ బయటా లోపలా అన్నదగ్గరే ముడి పడుతుంది.

జేమ్స్ స్పోరర్‌తో కలిసి సోలోవే 1986లో తేల్చింది కూడా ఇదే. కొత్తవాళ్ల తప్పులకు భాషలోని ఫలానా వాక్యం అర్థం కాకపోవడమే కారణమని అధ్యాపకుల్లో నమ్మకం ఉండేది. తప్పుల్ని వరుసగా విడదీసి చూస్తే, పెద్ద వాటా పనుల్ని ఒకదానిలో ఒకటి అల్లడంలో వచ్చినవే. ‘సింటాక్స్ వచ్చు, లాజిక్ రావట్లేదు’ అనే మన విద్యార్థి తన జబ్బును తానే సరిగ్గా చెబుతున్నాడన్నమాట.

1983 అధ్యయనంలో ఇంకో విశేషం తక్కువగా ప్రస్తావనకొస్తుంది. మనిషి సహజంగా ‘ఒకటి చదువు, దాని పని చూడు, తర్వాతిది చదువు’ అనుకుంటాడు. పాస్కల్‌లోని వైల్ లూప్‌కు ఆ వరుస నప్పదు. లూప్‌లోకి వెళ్లకముందే మొదటి సంఖ్య చదివి, లోపల ‘ముందు పని, తర్వాత చదువు’ అని తిరగేయాలి. లూప్ మధ్యలోంచి బయటపడే వీలున్న మరో రూపం ఇస్తే కొత్తవాళ్లలో సరైన జవాబులు 14 నుంచి 24 శాతానికి పెరిగాయి. ప్లాన్ సరిగ్గానే ఉన్నా, భాష ఒప్పుకోని ఆకారంలో ఉంటే అది కోడ్ దాకా చేరదు.

మెక్‌క్రాకెన్ దెబ్బ, లిస్టర్ సవరణ

ఇరవై ఏళ్ల తర్వాత 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో వేర్వేరు దేశాల పరిశోధకులు నాలుగు విశ్వవిద్యాలయాల్లోని 216 మంది విద్యార్థులకు ప్రోగ్రామింగ్ పరీక్ష పెట్టారు. కాలిక్యులేటర్ లాంటివి రాయమన్నారు. 110 మార్కులకు సగటు 22.89. సమస్యను విడగొట్టుకుని పరిష్కారంగా మలచడం రావట్లేదని ఆ బృందం నిర్ధారించింది. ‘ప్లానింగ్ నేర్పాలి’ అన్న నినాదానికి బలం వచ్చింది ఇక్కడే.

2004లో రేమండ్ లిస్టర్ బృందం ఇదే ఫలితాన్ని ఇంకోలా చూసింది. పిల్లలకు సమస్యను విడగొట్టడం రావట్లేదా, అంతకన్నా ముందే ఏదైనా లోపం ఉందా? ఏడు దేశాల విద్యార్థులకు 12 బహుళైచ్ఛిక ప్రశ్నలిచ్చారు. చిన్న కోడ్ ముక్క చూపి, దీని ఫలితం ఎంత, ఈ ఖాళీలో ఏ వరుస రావాలి అని అడిగారు. కొత్తగా రాయాల్సింది ఏమీ లేదు. అయినా చాలామంది తడబడ్డారు. ఇచ్చిన కోడ్‌నే చదవలేనివారిని ప్లాన్ చేయమంటే ఏం చేస్తారు? ఆ పరీక్షలో చిత్తుకాగితాలు కూడా సేకరించారు. ఏ వేరియబుల్ విలువ ఎప్పుడు ఎంతయిందో పట్టిక వేసుకుని జాగ్రత్తగా నడిచినవాళ్లకు సరైన జవాబులు ఎక్కువ వచ్చాయి. మన పాత మాస్టార్లు ‘డ్రై రన్ చేయి’ అని పోరుపెట్టడంలో అర్థముంది.

మెక్‌క్రాకెన్ ప్రయోగాన్ని 2013లో మరో బృందం మార్చి చేసింది. విద్యార్థుల చేతికి ఖాళీ తెర ఇవ్వకుండా, కొంత చట్రం కోడ్‌నూ పరీక్షలనూ ముందే అందించినచోట ఫలితాలు మెరుగుపడ్డాయి. సమస్యను విడగొట్టే పని ఎవరో కొంత చేసిపెడితే మిగతా పని వాళ్లకూ సాధ్యమే. మన ల్యాబ్‌లో ఆ మొదటి పని ఎవరూ చేయడం లేదు, పిల్లలకు నేర్పడమూ లేదు.

లాజిక్ అనే ఒక్క మాటలో మూడు పనులు

ఈ పరిశోధనలన్నీ కలిపి చదివితే ‘లాజిక్’ అని మనం ఒకే మాటతో పిలిచేది మూడు పనులుగా విడిపోతుంది.

మొదటిది ప్రశ్న అర్థం కావడం. జేమ్స్ ప్రాథర్ బృందం 2018లో ఆటోమేటిక్ మూల్యాంకన యంత్రం ముందు కూర్చున్న విద్యార్థుల్ని దగ్గరగా గమనించింది. కొందరు ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకుని, ఆ తప్పు ప్రశ్నకే జవాబు రాస్తూ, యంత్రం కాదంటుంటే కోడ్‌నే అటూ ఇటూ తిప్పారు. ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్లాలన్న స్పృహే వాళ్లకు రాలేదు.

రెండోది సరుకు. చదరంగంలో ఆరితేరినవాడు బోర్డు మీద ముప్ఫై పావుల్ని విడివిడిగా చూడడు. తెలిసిన ఎత్తుగడల్ని గుంపులుగా గుర్తుపడతాడు. దీన్ని చేజ్, సైమన్ 1973లోనే చూపించారు. నిపుణుడైన ప్రోగ్రామర్ కూడా అంతే. ‘లూప్ బయట సున్నా, లోపల కూడు, బయటికొచ్చాక వాడు’ అన్నది అతనికి ఒకే ముద్ద. కొత్తవాడికి అవి మూడు వేర్వేరు వరుసలు. మనసు ఒక్కసారి పట్టుకోగలిగేవి కొన్నే కాబట్టి, అతని సామర్థ్యమంతా వాటిని మోయడంతోనే సరిపోతుంది. జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెబుతూ వచ్చిన జ్ఞానభార సిద్ధాంతం సారాంశం ఇదే.

మూడోది అల్లిక. సరుకు ఉన్నా దాన్ని ఏ వరుసలో కలపాలో తెలియాలి. వాన లెక్కలో చాలామంది పడింది ఇక్కడే.

ఈ మూడింట్లో దేని దగ్గర ఆగాడో తెలియకుండా ‘ప్లాన్ చేయి’ అంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర ఇచ్చినట్టే. హార్వర్డ్‌లో డేవిడ్ పెర్కిన్స్ బృందం 1986లోనే కొత్తవాళ్లలో రకాల్ని పసిగట్టింది. అడ్డంకి రాగానే చేతులెత్తేసేవాళ్లు ఒకరు, ముందుకు కదులుతూ ఉండేవాళ్లు ఇంకొకరు, ఏదో ఒకటి మార్చి చూద్దాం అని కోడ్‌ను గెలుకుతూ పోయేవాళ్లు మరొకరు. మొదటివాడికి కావలసిన సాయం మూడోవాడికి పనికిరాదు.

ఉపాయాలు, వాటి బరువు

అన్నిటికన్నా పాతది ఫ్లోచార్టు. హర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ ఫాన్ నోయ్‌మన్ 1947లోనే వాడారు. పంచ్ కార్డుల రోజుల్లో కార్డుల కట్ట అప్పగిస్తే ఫలితం కోసం గంటలు, ఒక్కోసారి రోజులు ఆగాల్సి వచ్చేది. తప్పు ఖరీదైనది కనుక కాగితం మీద ఆలోచించక తప్పేది కాదు. 1971లో నిక్లాస్ విర్త్ ఎనిమిది రాణుల సమస్యను తీసుకుని, పెద్ద పనిని మెట్టు మెట్టుగా చిన్న పనులుగా దించుకుంటూ రావడం ఎలాగో చూపారు. ఆ పద్ధతి ఆ కాలపు బడిలో పుట్టింది. ఇప్పుడు ‘రన్’ నొక్కితే రెప్పపాటులో ఫలితం వస్తుంది. ప్లాన్ చేయమని బయటి నుంచి తోసే శక్తి పోయింది. మనసు పట్టుకోగలిగే కొద్దిపాటి చోటే మిగిలిన కారణం. అది పిల్లలకు కంటికి కనిపించదు. అందుకే చెప్పినా ఎక్కదు.

ఫ్లోచార్టు వల్ల నిజంగా మేలుందా? బెన్ ష్నైడర్‌మన్ బృందం 1977లో వరుస ప్రయోగాలు చేసి, వివరమైన ఫ్లోచార్టుల వల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదంది. 1989లో డేవిడ్ స్కాన్లన్ క్రమబద్ధమైన ఫ్లోచార్టులు సూడోకోడ్‌కన్నా త్వరగా అర్థమవుతాయని చూపారు. రెండూ నిజం కావచ్చు. ష్నైడర్‌మన్ చూసింది కోడ్‌తో ఒక్కో వరుసకు ఒక్కో పెట్టెగా సరిపోయే పటాన్ని. కోడ్‌లో ఉన్నదే పటంలో ఉంటే కొత్తగా ఏమొస్తుంది? స్కాన్లన్ కొలిచిందేమో ఇచ్చిన తర్కాన్ని అర్థం చేసుకునే వేగాన్ని. కొత్తవాడు తనంతట తాను కట్టే ప్లాన్‌కు ఫ్లోచార్టు ఎంత సాయపడుతుందన్న ప్రశ్నను ఈ రెండూ నేరుగా ముట్టుకోలేదు. మన రికార్డులో ఫ్లోచార్టుకు దక్కిన శాశ్వత స్థానం వెనక పరిశోధన బలంకన్నా అలవాటు బలమే ఎక్కువ.

రెండో దారి డిజైన్ రెసిపీ. మాథియాస్ ఫెలైజన్, ఆయన సహచరులు 2001లో తెచ్చిన ‘హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్’ పాఠ్యగ్రంథం ప్రతి ప్రోగ్రామ్‌నూ ఆరు మెట్లలో రాయిస్తుంది. ఏ రకం సమాచారం వస్తుందో నిర్వచించాలి. ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో ఒక వాక్యంలో చెప్పాలి. కోడ్‌కు ముందే ఉదాహరణలు రాయాలి. సమాచారం ఆకారాన్ని బట్టి చట్రం గీయాలి. ఆ తర్వాతే లోపలి కోడ్. చివర్న ఉదాహరణలతో పరీక్ష. ప్రతి మెట్టు దగ్గరా కాగితం మీద ఏదో ఒకటి మిగలడం ఈ పద్ధతి గొప్పతనం. దాన్ని చూసి గురువు "ఇదిగో, నువ్వు ఆగింది ఇక్కడ" అని చూపించగలడు.

ఈ మార్గంలో చదువుకున్నవాళ్లకు కాథి ఫిస్లర్ 2014లో మళ్లీ వాన లెక్కే ఇచ్చారు. పాత అధ్యయనాలతో పోలిస్తే తప్పులు తక్కువ. జవాబుల ఆకారం కూడా మారింది. అన్ని పనుల్నీ ఒకే లూప్‌లో అల్లకుండా, కొందరు ముందు 99999 దాకా జాబితాను కత్తిరించి, మైనస్‌లు ఏరేసి, మిగిలినదానికి మొత్తం, లెక్క, సగటు విడివిడిగా కట్టారు. అల్లికే కష్టమైతే అల్లాల్సిన అవసరమే లేని ప్లాన్ వేశారన్నమాట. ఈ పోలికకు ఒక హద్దుంది. భాష, విద్యార్థులు, పరీక్ష జరిగిన సందర్భం అన్నీ వేరు. మన ల్యాబ్‌లో ‘సి’ భాషలో అర్రేలు రాకముందే ఈ లెక్క వస్తే ఆ దారి తెరుచుకోనే తెరుచుకోదు. పైగా రెసిపీ మెట్లే తంతుగా మారే ప్రమాదమూ ఉంది. ఫ్రాన్సిస్కో కాస్ట్రో, ఫిస్లర్ 2020లో ఇలా నేర్చుకున్నవాళ్ల తీరు గమనిస్తే, పని స్థాయిలోనూ కోడ్ స్థాయిలోనూ ఆలోచనను అటూ ఇటూ నడిపించగలగడమే కీలకమని తేలింది. కోడ్ గుంటలో దిగి పైకి రాలేనివాళ్లు చిక్కుకున్నారు.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా చౌకది: ఉదాహరణ ముందు. 2019లో ప్రాథర్ బృందం ప్రశ్న చదివిన వెంటనే, కోడ్ రాయకముందు, ఒక పరీక్ష కేసుకు జవాబు చేతితో చెప్పించింది. ‘ఈ సంఖ్యలిస్తే నీ ప్రోగ్రామ్ ఏం చూపించాలి?’ అన్న ఒక్క అడ్డుగోడ చాలు, ప్రశ్నను తప్పుగా చదివినవాడు అక్కడే దొరికిపోతాడు. అదే ఏడాది బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జాక్ రెన్, శ్రీరామ్ కృష్ణమూర్తి ‘ఎగ్జామ్‌ప్లార్’ అనే పరికరం చేశారు. విద్యార్థి రాసిన ఉదాహరణ ప్రశ్నకు సరిపోతుందో లేదో కోడ్ ఇంకా పుట్టకముందే అది చెబుతుంది. బలవంతం లేకపోయినా విద్యార్థులు దాన్ని విరివిగా వాడారు. నా వాదనకు ఇది గట్టి ఆధారం. కోడ్‌కు ‘రన్’ మీట ఉంది, అవుననో కాదనో వెంటనే చెబుతుంది. అల్గారిథమ్‌కు అలాంటి మీట లేదు. జవాబు చెప్పనిదాని దగ్గరికి పిల్లలు ఎందుకు పోతారు?

నాలుగోది సరుకు నింపడం. రిచర్డ్ కాట్రంబోన్ ఆలోచనల ఆధారంగా లారెన్ మార్గులియు, మార్క్ గజ్డియల్ తదితరులు 2012 నుంచి ‘ఉప లక్ష్యాల’ మీద పనిచేశారు. చేసి చూపించే ఉదాహరణలో ప్రతి నాలుగైదు వరుసలకూ ‘ఇక్కడ మొదటి విలువలు పెట్టాం’, ‘ఇక్కడ ఆపే షరతు’ అని శీర్షికలు తగిలించారు. యాప్ ఇన్వెంటర్‌తో చేసిన తొలి ప్రయోగంలో, అవే ఉదాహరణలు శీర్షికలు లేకుండా చూసినవాళ్లకన్నా వీళ్లు కొత్త పనుల్ని బాగా చేశారు. ఇజ్రాయెల్‌లో ఓర్నా ముల్లర్, ఆమె సహచరులు నమూనాలకు పేర్లు పెట్టి బోధించారు. ఆస్ట్రేలియాలో మైకేల్ డి రాట్ వ్యూహాల్ని బాహాటంగా నేర్పి, పరీక్షలో వాటికే మార్కులిచ్చారు. పేరు పెడితే ఆ ఎత్తుగడ మాట్లాడుకునే వస్తువవుతుంది. "ఇక్కడ లెక్కపెట్టే ఎత్తుగడ కావాలి" అని విద్యార్థి అనగలిగిన రోజు అతనికి లాజిక్ సగం వచ్చినట్టే.

ఐదోది న్యూజిలాండ్ ఒటాగో పాలిటెక్నిక్‌లో పుట్టింది. డేల్ పార్సన్స్, పెట్రీషియా హేడెన్ 2006లో ప్రోగ్రామ్‌ను ముక్కలు చేసి, కలగలిపి ఇచ్చి, సరైన వరుసలో పేర్చమన్నారు. సెమికోలన్ గొడవ ఉండదు, ఖాళీ తెర భయం ఉండదు, అల్లిక ఒక్కటే మిగులుతుంది. బార్బరా ఎరిక్సన్ బృందం 2017లో పోల్చి చూస్తే, ఇలా పేర్చినవాళ్లు కోడ్ మొత్తం రాసినవాళ్లకన్నా తక్కువ సమయంలో ముగించారు. నేర్చుకున్నది మాత్రం దాదాపు సమానం. కోడ్ ముక్కల బదులు తెలుగు వాక్యాల చీటీలిచ్చి పేర్చమంటే అదే ప్లానింగ్ అభ్యాసం. కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

ఆరోది తన ఆలోచనను తానే గమనించుకోవడం. డాస్టినీ లోక్సా, ఎమీ కో తదితరులు 2016లో హైస్కూలు విద్యార్థుల శిబిరంలో సమస్య సాధనను ఆరు దశలుగా చెప్పారు: ప్రశ్నను సొంత మాటల్లో చెప్పుకోవడం, ఇలాంటిది ఇంతకుముందు చేశామా అని వెతకడం, దారి వెతకడం, ఆ దారిని తూచడం, కోడ్ చేయడం, చేసినదాన్ని తూచడం. సాయం అడిగిన ప్రతిసారీ ‘నువ్వు ఏ దశలో ఉన్నావు?’ అని ఎదురడిగారు. ఆ పిల్లల్లో స్వతంత్రత, పని వేగం, ఆత్మవిశ్వాసం పెరిగాయి. ఈ ఆరు దశల వెనక 1945 నాటి జార్జ్ పోల్యా ‘హౌ టు సాల్వ్ ఇట్’ నీడ స్పష్టంగా ఉంది. ఆ పేరును అనుకరిస్తూ ఆర్.జి. డ్రోమీ 1982లో రాసిన ‘హౌ టు సాల్వ్ ఇట్ బై కంప్యూటర్’ మన ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలిసిన పుస్తకమే.

ఈ అధ్యయనాల్లో చాలావాటిలో విద్యార్థులు కొద్దిమంది, వ్యవధి కొద్ది వారాలు. ఆరు నెలల తర్వాత ఆ అలవాటు నిలిచిందా అని వెంబడించినవి తక్కువ. చేతికర్ర నడక వచ్చినవాడికి అడ్డమవుతుందన్న హెచ్చరిక కూడా జ్ఞానభార పరిశోధనలోనే ఉంది. ఏ ఆసరా ఎప్పుడు తీసేయాలో చెప్పని పద్ధతి సగం పద్ధతే.

అందరూ ప్లాన్ వేయాలా?

అసలు ప్రశ్నకే అడ్డుచెప్పినవాళ్లున్నారు. షెర్రీ టర్కిల్, సీమోర్ పాపర్ట్ 1990లో రాసిన వ్యాసంలో హార్వర్డ్ ప్రోగ్రామింగ్ తరగతిలోని ఇద్దరు విద్యార్థినుల కథ చెప్పారు. వాళ్లు చేతికందిన ముక్కల్ని కలుపుతూ, చూస్తూ, మారుస్తూ ముందుకుపోయేవాళ్లు. పై నుంచి కిందికి ప్లాన్ వేసే పద్ధతే సరైనదని ఒత్తిడి పెడితే ఇద్దరూ ఆ విద్య నుంచే దూరమయ్యారు. నైపుణ్యానికి ఒకే శైలి ఉందనడం మనుషుల్ని బయటికి నెట్టడమేనని ఆ వ్యాసం వాదన.

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పోచంపల్లి ఇక్కత్ నేతలో గ్రాఫు కాగితం మీద డిజైన్ గీసి, దాని ప్రకారం నూలుకు కట్లు కట్టి, రంగులద్దిన తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. రంగు పడ్డాక వెనక్కి తీసుకోలేరు కనుక ముందు ఆలోచన తప్పదు. కూర వండేవాళ్లు అలా చేయరు, రుచి చూసి ఉప్పు వేస్తారు. కోడ్ ఈ విషయంలో నూలుకన్నా కూరకే దగ్గర. అయితే వంట తెలిసినవాళ్లు రుచి చూసేది తేడా పట్టుకోవడానికి. ఏం తేడా వచ్చిందో తెలియకుండా ఉప్పూ కారం మార్చి మార్చి వేసేవాడి చేతిలో కూర బాగుపడదు. పెర్కిన్స్ చూసిన గెలికేవాడికీ టర్కిల్ చూసిన కూర్పరికీ ఉన్న తేడా ఇదే. మార్చేముందు ‘ఇలా మారిస్తే ఇది జరగాలి’ అని అనుకున్నారా లేదా అన్నదే కొలత. ఆ అనుకోవడమూ ప్లానే. చిన్నది, అంతే.

ఇక్కడ మన రికార్డు సంగతి మళ్లీ గుర్తుకొస్తుంది. డేవిడ్ పార్నస్, పాల్ క్లెమెంట్స్ 1986లో ఒక సాహసోపేతమైన మాట రాశారు. నిజమైన డిజైన్ ఎప్పుడూ క్రమపద్ధతిలో జరగదు, అయినా జరిగినట్టే పత్రాలు రాయాలి, చదివేవాడికి మేలు. అంటే నిపుణులు కూడా అల్గారిథమ్‌ను తర్వాత రాస్తారు. తేడా ఏమిటంటే వాళ్లు చదివేవాడి కోసం తెలిసి సర్దుతున్నారు. మన విద్యార్థి ఎవరూ చదవని పేజీని నింపుతున్నాడు. ఆ పేజీని తప్పుపట్టకుండా సంతకం పెట్టే మనమే ప్లాన్ అంటే అలంకారమని వాడికి నేర్పాం.

తెలుగులో ప్లాన్, ‘సి’లో కోడ్

ఫిలిప్ గువో 2018లో ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల ప్రోగ్రామింగ్ కష్టాల మీద 86 దేశాల నుంచి 840 మంది జవాబులు సేకరించారు. పాఠాలు చదవడం, సాంకేతికంగా మాట్లాడటం, కోడ్ చదవడం, ఇంగ్లిష్‌నూ కోడ్‌నూ ఒకేసారి నేర్చుకోవాల్సి రావడం అడ్డంకులుగా కనిపించాయి. తెలుగు మీడియంలో పదో తరగతి దాటి వచ్చిన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉంటుంది, అల్గారిథమ్ ఇంగ్లిష్‌లో రాయాలి, కోడ్ ఇంకో భాష. ఆలోచించే మనసు మాత్రం తెలుగులో ఉంది. ఆలోచనను రెండుసార్లు అనువాదం చేస్తూ మోయమంటున్నాం. చిత్తు ప్లాన్ తెలుగులో రాయనిస్తే ఒక మోత తగ్గుతుంది. ఇది ఖర్చు లేని సంస్కరణ.

ఇందులోనూ ఒక జాగ్రత్త అవసరం. జెఫ్రీ బోనార్, సోలోవే 1985లో చూపినట్టు, మామూలు భాష అర్థాలు కోడ్‌లోకి దొంగచాటుగా వచ్చి తప్పులవుతాయి. ఇంగ్లిష్‌లో ‘వైల్’ అంటే నిరంతరం కనిపెట్టి ఉండటం. ప్రోగ్రామ్ మాత్రం లూప్ ప్రతి చుట్టు మొదట్లోనే చూస్తుందని కొత్తవాళ్లకు తోచదు. మన భాషకూ ఇలాంటి మలుపుంది. "99999 వచ్చేదాకా చదువు" అంటాం. ‘వచ్చేదాకా’ ఎప్పుడు ఆపాలో చెబుతుంది. వైల్‌కు కావలసింది ఎప్పటిదాకా సాగాలో చెప్పే షరతు, అంటే "99999 కానంతసేపు". తెలుగు ప్లాన్‌లోని మాటను ఉన్నదున్నట్టు షరతుగా పెడితే లూప్ ఒక్కసారీ తిరగదు. ఈ తిరగేత ఎక్కడుందో పాఠంలో చూపించాలి. ‘దాకా’ను ‘కానంతసేపు’గా మార్చే అభ్యాసం ఒక్క తరగతి చేయిస్తే చాలు.

యంత్రం రాస్తుంటే ప్లాన్ ఎందుకు?

2022లో జేమ్స్ ఫిన్నీ-ఆన్స్లీ బృందం కోడెక్స్ అనే కృత్రిమ మేధ నమూనాకు మొదటి ఏడాది పరీక్ష పెట్టింది. అది తరగతిలో పై పాతిక శాతంలో నిలిచింది. వాన లెక్కను రకరకాలుగా మార్చి ఇచ్చినా చాలావాటికి జవాబులిచ్చింది. ఇక ప్లానింగ్ ఎందుకు అని అడిగే విద్యార్థికి 2024లో ప్రాథర్ బృందం ప్రచురించిన అధ్యయనం చూపించాలి. కృత్రిమ మేధ సాయంతో కోడ్ రాస్తున్న 21 మందిని కళ్ల కదలికలతో సహా గమనించారు. ఏం కావాలో తెలిసినవాళ్లు ఆ సూచనల్లో అక్కర్లేనివి వదిలేసి వేగంగా సాగారు. తడబడేవాళ్లకు పాత ఇబ్బందులు అలాగే ఉండి, అర్థమైపోయిందన్న భ్రమ అదనంగా చేరింది. ఇద్దరి మధ్య దూరం పెరిగింది.

కోడ్ టైపు చేసే శ్రమ పోయిందిగాని, ఏం కావాలో చెప్పడం, వచ్చింది అదేనా అని పరీక్షించడం మన దగ్గరే మిగిలాయి. పాల్ డెన్నీ బృందం ‘ప్రాంప్ట్ ప్రాబ్లమ్స్’ పేరుతో సరిగ్గా దీన్నే అభ్యాసంగా మార్చింది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఉదాహరణల్ని బొమ్మగా చూపించి, యంత్రం సరైన కోడ్ రాసేలా మాటల్లో చెప్పమంటుంది. విచిత్రంగా, రికార్డులో చచ్చిపడిన అల్గారిథమ్‌కు ఇక్కడ మళ్లీ ప్రాణం వచ్చింది. దానికిప్పుడు చదివేవాడున్నాడు, ‘రన్’ మీటా ఉంది. అయితే ఆ చదివేవాడు మన చెప్పడంలోని కంతల్ని తనే పూడ్చేసుకుంటాడు కనుక, కంత ఉందన్న సంగతే విద్యార్థికి తెలియకపోవచ్చు.

ఒక పేజీ మార్చి చూద్దాం

ఇంత పరిశోధన నుంచి మన ల్యాబ్ తీసుకోగలిగింది ఎంత? నాకు నాలుగు పనులు తోస్తాయి. అబ్జర్వేషన్ పుస్తకంలో మొదటి పేజీ ఉదాహరణలది కావాలి. మూడు ఇన్‌పుట్‌లు, చేతితో కట్టిన జవాబులు, అందులో ఒకటి కొంటె కేసు. ఆ పేజీ చూశాకే సిస్టమ్ ఆన్ చేయనివ్వాలి. రెండోది, సెమిస్టర్ మొత్తానికి పది పన్నెండు ఎత్తుగడలు ఎంచుకుని, పేర్లు పెట్టి, గోడకు అంటించాలి. మూడోది, ప్లాన్ ఏ భాషలో ఉన్నా, కొట్టివేతలున్నా పర్వాలేదని చెప్పాలి. ఇంకా చెప్పాలంటే, కొట్టివేత లేని ప్లాన్‌నే అనుమానించాలి. నాలుగోది, వైవాలో నిర్వచనం అడిగే బదులు ఒక ఇన్‌పుట్ మార్చి "ఇప్పుడేమవుతుంది?" అని అడగాలి. అరవై మందికి ఒక్కరే అధ్యాపకులున్న గదిలో ఇవన్నీ ఒకేసారి సాగవు. మొదటిది ఒక్కటి సాగినా మిగతావాటికి దారి పడుతుంది.

మొన్నొక ల్యాబ్‌లో వాన లెక్క దగ్గర ఒకమ్మాయి చేయెత్తింది. "లాజిక్ రావట్లేదు సార్." చిత్తుకాగితం చూపించమన్నాను. 12, 0, -3, 30 అని రాసి, -3 మీద అడ్డగీత కొట్టి, పక్కన 14 అని వేసింది.

"ఈ గీత ఎందుకు కొట్టావమ్మా?"

"మైనస్ కదా సార్, వదిలేశాను."

"ఎప్పుడు వదిలేశావు? కూడకముందా, కూడాకనా?"

"కూడకముందే," అని ఆగింది. తెర వైపు చూసి, లూప్‌లో కూడిక ఉన్న వరుస పైన కర్సర్ పెట్టుకుంది.